"ఇమ్యూనిటీ తగ్గిస్తాయట" అని లూపస్ మందులు మానేసేవాళ్ళ కోసం

పోయిన వారం ఒకే రోజు ఓపీలో ముగ్గురు నన్ను ఇదే ప్రశ్న అడిగారు. "లూపస్ అంటే ఇమ్యూనిటీ తక్కువ కావడమే కదా మేడమ్? మరి ఉన్నదాన్ని కూడా తగ్గించే మందులు ఎందుకు రాస్తున్నారు?" ఇద్దరు అడిగారు, సమాధానం విన్నారు, మందులు తీసుకుని వెళ్ళారు. మూడో అమ్మాయి అడిగేనాటికే మాత్రలు మానేసి నాలుగు నెలలైంది. పాదాలు వాచి ఉన్నాయి. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు. "ఒంట్లో ఉన్న శక్తిని లాగేసే మందులే అవి, మానెయ్" అని వాళ్ళ పిన్ని చెప్పిందట. పిన్ని ప్రేమతోనే చెప్పింది, అందులో నాకు సందేహం లేదు.

ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు లెక్క సరిగ్గానే చేశారు, మొదట వేసుకున్న అంకె తప్పు. లూపస్ అంటే ఇమ్యూనిటీ తగ్గడం కాదు, అది దారి తప్పి సొంత ఒంటి మీదే దాడి చేయడం. ఆ తప్పు అంకెను వాట్సాప్‌లో పదిమందికి పంపేవాళ్ళ మీద మాత్రం కోపముంది. ఈ వృత్తిలో నన్ను నిద్రపోనివ్వని కేసులు మందు పనిచేయనివి కావు. మందు చక్కగా పనిచేసి, జబ్బు సద్దుమణిగాక, ఎవరి మాటో విని మానేసినవి.

అపోహ: లూపస్ అంటే ఇమ్యూనిటీ లేకపోవడం

మన ఒంట్లో రోజూ కోట్ల కణాలు చచ్చిపోతుంటాయి. ఆ చెత్తను ఎప్పటికప్పుడు తీసేసే ఏర్పాటు ఉంది కాబట్టి కణాల లోపలుండే డీఎన్‌ఏ ఇమ్యూన్ వ్యవస్థ కంట పడదు. లూపస్ ఉన్నవాళ్ళలో ఆ శుభ్రం చేసే పని కుంటుపడుతుంది. బయటపడ్డ సొంత డీఎన్‌ఏనే చూసి, వైరస్ వచ్చిందనుకుని ఒళ్ళు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రమాద సంకేతాన్ని విడుదల చేస్తుంది. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బీ కణాలు ఆ డీఎన్‌ఏ మీద యాంటీబాడీలు తయారు చేస్తాయి. మీ రిపోర్టులో కనిపించే ఏఎన్‌ఏ, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ అవే. ఈ యాంటీబాడీలు డీఎన్‌ఏతో కలిసి ముద్దకట్టి కిడ్నీ జల్లెడల్లోనో, చర్మంలోనో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది.

"ఫ్లూ వచ్చి తగ్గిన మర్నాడు ఎలా ఉంటుందో నాకు రోజూ అలాగే ఉంటుంది మేడమ్" అని చాలామంది చెప్తారు. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకమనుకుంటారు. ఆ నీరసానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నా, వాళ్ళు ఇచ్చిన పోలిక మాత్రం సరైనదే. ఫ్లూలో ఒళ్ళునొప్పులు తెప్పించే ఇంటర్‌ఫెరాన్లే లూపస్‌లోనూ పనిచేస్తుంటాయి. ఫ్లూలో వారానికి ఆగిపోతాయి, ఇక్కడ ఆగవు.

ఇంకో సంగతి చెప్తే ఇది బాగా అర్థమవుతుంది. ఒకప్పుడు హెపటైటిస్ సీ రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే మందుగా ఇచ్చేవాళ్ళు. నిజమైన ఇమ్యూనిటీ బూస్టర్ అంటే అదీ. ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళలో కొందరికి లూపస్ లాంటి జబ్బే వచ్చింది. 2021లో లూపస్ కోసం అమెరికాలో అనుమతి పొందిన అనిఫ్రోలుమాబ్ దీనికి సరిగ్గా ఎదురుపని చేస్తుంది, ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఇమ్యూనిటీ పెంచితే లూపస్ తగ్గుతుందని ఇంకా ఎవరైనా అంటే ఈ రెండు విషయాలూ వాళ్ళ ముందు పెట్టండి.

మరి "ఇమ్యూనిటీ తక్కువ" అన్న మాట ఎక్కణ్ణుంచి పుట్టింది? చాలాసార్లు ల్యాబ్ రిపోర్టు నుంచే. తెల్ల రక్తకణాలు నాలుగు వేల లోపు, లింఫోసైట్లు తక్కువ, సీ3 తక్కువ, సీ4 తక్కువ. ప్రతి అంకె పక్కనా కిందికి బాణం గుర్తు. చూసినవాళ్ళకు గుండె జారుతుంది, సహజం. కానీ సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు, అంటే ఇమ్యూన్ వ్యవస్థ పోరులో వాడుకునేవి, తగ్గేది ఒంట్లో తయారు కాక కాదు, చాలావరకు ఆ పోరులో ఖర్చైపోయి. జబ్బు అదుపులోకి వస్తే చాలామందిలో సీ3, సీ4, తెల్లకణాలు మళ్ళీ పెరుగుతాయి. "తగ్గించే మందు" వేసుకున్నాకే ఆ అంకెలు పెరగడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇందులో నిజం పాలు కూడా ఉంది, దాన్ని దాచను. లూపస్ ఉన్నవాళ్ళకు ఇన్ఫెక్షన్లు మామూలు వాళ్ళకంటే ఎక్కువగా, కొన్నిసార్లు తీవ్రంగా వస్తాయి. దానికి రెండు కారణాలు ముఖ్యం. జబ్బు చురుగ్గా ఉండటం ఒకటి, ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడే స్టెరాయిడ్లు రెండోది. ఇమ్యూన్ వ్యవస్థను నెమ్మదింపజేసే మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులూ ఆ ప్రమాదాన్ని పెంచుతాయి, అందుకే ఊరికే రాయం, రాశాక రక్తపరీక్షలు చేస్తూనే ఉంటాం. అయితే జనం ముందుగా మానేసేది ఏది? హైడ్రాక్సీక్లోరోక్విన్. మనందరం హెచ్‌సీక్యూ అనుకునే ఆ మాత్ర ఇన్ఫెక్షన్లను పెంచదు. అది వాడేవాళ్ళలో ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించిన పరిశీలనలు కూడా ఉన్నాయి. ఇమ్యూనిటీ పోతుందన్న భయంతో ఆ పాపం లేని మందునే మొదట పక్కన పెడుతున్నారు.

దాన్ని మానేస్తే ఏమవుతుందో 1991లోనే కెనడా వైద్యులు పరీక్షించి చూపించారు. జబ్బు నిలకడగా ఉన్న 47 మందిని తీసుకున్నారు. 25 మందికి హెచ్‌సీక్యూ కొనసాగించారు, 22 మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆరు నెలల్లోపే మందు కొనసాగినవాళ్ళలో 9 మందికి, ఆగినవాళ్ళలో 16 మందికి జబ్బు తిరగబెట్టింది. వీళ్ళంతా "బాగానే ఉన్నాను" అన్నవాళ్ళే, గుర్తుపెట్టుకోండి.

మోసం ఎక్కడుందంటే, హెచ్‌సీక్యూ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. సగం పోవడానికే దాదాపు 40 రోజులు పడుతుంది. ఇవాళ మానేస్తే రేపు ఏమీ కాదు. నెలకీ ఏమీ కాకపోవచ్చు. "చూశావా, మానేసినా బాగానే ఉంది" అంటారు. ఆ బాగుండటం నిన్నటి మాత్రల పుణ్యమని ఎవరూ చెప్పరు. 2020లో కరోనాకి పనిచేస్తుందన్న పుకారుతో హెచ్‌సీక్యూ దొరక్కుండా పోయినప్పుడు నా ఫోను రాత్రింబవళ్ళు మోగింది. రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్ళున్నారు, సగం మాత్ర విరుచుకున్నవాళ్ళున్నారు, ఒక తల్లి తన కీళ్ళవాతం కోసం దాచుకున్నవి కూతురికి ఇచ్చేసింది. కరోనాలో అది పనిచేయదని తర్వాత పెద్ద ట్రయల్సే తేల్చాయి. అప్పుడు దాని కోసం అంత అల్లాడినవాళ్ళలోనే కొందరు రెండేళ్ళ తర్వాత "ఇమ్యూనిటీ పోతుందట" అని మానేసి వచ్చారు. భయం ఎటు తోస్తే అటు పోతాం, ఎవరమైనా.

కిడ్నీ సంగతి విడిగా చెప్పాలి. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీలో వాపు వస్తుంది. అది నొప్పి పెట్టదు. మంట పుట్టదు. మూత్రంలో నురగ, కాళ్ళ వాపు, బీపీ పెరగడం, అవి కనిపించేసరికే ఆలస్యమై ఉండొచ్చు. అందుకే ఒంట్లో ఏ బాధా లేకపోయినా మూడు నెలలకోసారి మూత్రం పరీక్ష చేయించమంటాం. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే ప్రోటీన్ క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ మాట ఎత్తుతాం. పరీక్ష చిన్నదని తీసిపారేయకండి, కిడ్నీ మనతో మాట్లాడే దారి అదొక్కటే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకామెకు "ఇవి ఇమ్యూనిటీని అణిచే మందులమ్మా, రోజూ వేసుకో" అని రెండు నిమిషాల్లో చెప్పి పంపాను. బయట ఇంకా నలభైమంది ఉన్నారు. ఆమె మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు డయాలసిస్ వార్డులో కనిపించింది. "అణిచే మందన్నారు కదండీ, భయమేసి వేసుకోలేదు" అంది, నా మీద ఏ ఫిర్యాదూ లేకుండా. ఆ మాట ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు "నీ ఒంట్లో తప్పుడు అలారం మోగుతోంది, దాన్ని తగ్గిస్తున్నాం" అంటాను. రెండు నిమిషాలు కాస్తా పది అవుతాయి, అవనీ.

అపోహ: ఇమ్యూనిటీ బూస్టర్ వేసుకుంటే మేలే కానీ కీడు లేదు

ఉంది. ఇమ్యూనిటీ కోసమని అమ్మే ఎకినేషియా అనే మూలిక వాడాక లూపస్ తిరగబెట్టిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్క మొలకల్లో ఉండే ఎల్-కెనవనిన్ అనే పదార్థం కోతుల్లో లూపస్ లాంటి జబ్బును తెప్పించింది. ఈ రెండూ వద్దని నా రోగులందరికీ రాసిచ్చే కాగితంలోనే ఉంటుంది. ఇక డబ్బా మీద "సహజం" అని రాసి, లోపల ఏముందో రాయని పొడుల సంగతి: లోపల స్టెరాయిడ్ కలిపినవి కూడా ఉంటాయి. అవి వేసుకుంటే మొదటి నెల అద్భుతంగా ఉంటుంది. అందుకే నమ్ముతారు. ఏ డబ్బా వాడినా తీసుకొచ్చి చూపించండి, తిట్టను.

అపోహ: హెచ్‌సీక్యూతో కళ్ళు పోతాయి

కంటి వెనక పొర రెటీనా మీద ప్రభావం నిజమే, కానీ అది మోతాదు, ఏళ్ళ లెక్క. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకపోతే మొదటి ఐదేళ్ళలో ముప్పు ఒక శాతం లోపు, పదేళ్ళకు రెండు శాతం లోపు. ఇరవై ఏళ్ళు దాటితే ఇరవై శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి మొదట్లో ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఏటా కంటి పరీక్ష, అందులో రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ ఉండాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకు ఇంకా ముందే మొదలుపెడతాం. చూపు మసకబారక ముందే ఆ స్కాన్ పసిగడుతుంది, అప్పుడు మందు మారుస్తాం.

స్టెరాయిడ్ల గురించి ఒక్క మాట. వాటిని తగ్గించాలన్న ఆత్రం మీకంటే మాకే ఎక్కువ. ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములకో అంతకంటే కిందికో దించి, కుదిరితే ఆపేయడమే మా లక్ష్యం. కానీ నెలల తరబడి వాడాక ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారు చేసే అడ్రినల్ గ్రంథి అప్పటికి తన పని మర్చిపోయి ఉంటుంది. మెట్లు దిగినట్టు దిగాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లూపస్ అంటదు. ముట్టుకుంటే రాదు, ఒకే పక్క మీద పడుకుంటే రాదు, దీని గురించి ఇంకా వాదించే ఓపిక నాకు లేదు. ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ కాదు. రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసి చూసే 1:80 దగ్గర ఆరోగ్యవంతుల్లోనూ ప్రతి వందమందిలో పదిమందికి పైగా పాజిటివ్ వస్తుంది, లక్షణాలు లేకుండా ఆ రిపోర్టు పట్టుకుని ఏడవకండి. లూపస్ ఉంటే పిల్లలు పుట్టరన్నదీ అబద్ధమే. జబ్బు కనీసం ఆరు నెలలు నిదానంగా ఉన్నాక, మైకోఫెనొలేట్ లాంటివి ముందే మార్చుకుని ప్లాన్ చేసుకోవాలి. హెచ్‌సీక్యూ మాత్రం గర్భంలోనూ ఆపకూడదు, తల్లికీ బిడ్డకీ దాని అవసరముంది. ఎండ నిజంగానే శత్రువు, కిటికీ అద్దంలోంచి కూడా యూవీఏ కిరణాలు వస్తాయి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవాలి. ఇమ్యూన్ వ్యవస్థను నెమ్మదింపజేసే మందుల మీద ఉన్నప్పుడు బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు మాత్రం వద్దు.

జ్వరం వస్తే "లూపస్ జ్వరమేలే" అని ఇంట్లో కూర్చోవద్దు. ఒంట్లో వాపును చూపించే రక్తపరీక్ష సీఆర్‌పీ బాగా పెరిగితే మేము మొదట అనుమానించేది ఇన్ఫెక్షన్‌నే. ఏది ఏదో తేల్చడం మాకే కష్టమవుతుంది, మీరు ఇంట్లో తేల్చుకోలేరు.

ఇప్పటికే మందులు మానేసి ఉంటే, ఎన్నాళ్ళైందో దాచకుండా చెప్పండి. మానేసిన సంగతి తెలియకపోతే, మందు పనిచేయట్లేదనుకుని మేం ఇంకా బలమైనది మొదలుపెట్టే ప్రమాదముంది. మూత్రం, క్రియాటినిన్, సీ3, సీ4, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, రక్తకణాల లెక్క చేయించుకుని రండి.

ఆ మూడో అమ్మాయిని ఆ రోజే చేర్చుకున్నాం. బయాప్సీలో నాలుగో తరగతి నెఫ్రైటిస్, అంటే తీవ్రమైన కిడ్నీ వాపు, అని తేలింది. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఇంకా పెరగలేదు కాబట్టి నాకు ఆశ ఉంది. నిన్న రౌండ్స్‌లో ఆమె సంచిలోంచి పాత హెచ్‌సీక్యూ స్ట్రిప్ తీసి, "ఇవి వాడుకోవచ్చా మేడమ్, పారేయాలా?" అని అడిగింది. పక్కనే పిన్ని నిలబడి ఉంది. వెనక్కి తిప్పి తేదీ చూశాను, ఇంకా ఏడాది గడువుంది. రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకోమన్నాను. స్ట్రిప్ పిన్ని చేతికిచ్చాను.