రాస్‌కామన్‌లో తాతల ఊరు వెతుక్కునేవాళ్ళు

చిరంజీవులకు,

ఆశీస్సులు. మా మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికొచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. ఆయన పాడగా విని జనగణమన స్వరాన్ని కాగితం మీద పెట్టినావిడ మార్గరెట్ కజిన్స్. ఆవిడ భర్త జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఇద్దరూ ఐర్లండ్ వాళ్ళు. ఈ కథ నేను బడిలో ఏళ్ళ తరబడి చెప్పాను. మార్గరెట్ పుట్టిన నేల ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని మనసులో ఉండిపోయింది. డబ్లిన్‌లో ఉన్న మా అమ్మాయి పుణ్యమా అని అది నెరవేరింది. చూసింది చూసినట్టు మీకు రాస్తున్నాను.

మార్గరెట్ 1878లో బాయిల్ అనే ఊళ్ళో పుట్టారు. ఐర్లండ్ నడిబొడ్డుకు కాస్త పడమరగా రాస్‌కామన్ అనే కౌంటీ ఉంది, ఆ కౌంటీలోదే బాయిల్. డబ్లిన్ నుంచి స్లైగో వెళ్ళే రైలు ఆ ఊళ్ళో ఆగుతుంది. దారి పొడుగునా పచ్చికే. పొలానికీ పొలానికీ మధ్య మట్టి వాడకుండా రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, వాటి వెనక ఆవులు, గొర్రెలు. గంటకోసారి జల్లు కురిసి వెలుస్తుంది. ఎంతసేపు పోయినా మనుషులు మాత్రం పెద్దగా కనబడరు. అక్కడక్కడ కప్పు కూలిపోయిన రాతి ఇళ్ళు, లోపల మొలిచిన చెట్లు.

మొదట ఈ లెక్క చూడండి. 1841లో రాస్‌కామన్ జనాభా సుమారు 2,53,000. పదేళ్ళకే, 1851 నాటికి, అది 1,73,000 అయింది. 2022లో 70,000 పైచిలుకు. ప్రపంచంలో జనాభా పెరగని చోటు మీకు ఎక్కడైనా తెలుసా? ఇక్కడ పెరగకపోవడమే కాదు, మూడో వంతు కూడా మిగల్లేదు. కళ్ళకు ఇంపుగా ఉన్న ఆ పచ్చిక మీద ఒకప్పుడు గుడిసె పక్కన గుడిసె ఉండేది. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా ఐర్లండ్ పల్లెసీమ తిరిగితే ఫొటోలే మిగులుతాయి.

బాయిల్‌లో పాత మఠం ఒకటుంది. సిస్టర్షియన్ సన్యాసులు 1161లో వచ్చి మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి రెండు తరాలు పట్టింది. అంత కాలం పట్టిందని గోడలే చెబుతాయి. నడవకు ఒక పక్క కమానులు గుండ్రంగా ఉంటాయి, ఎదురుగా ఉన్నవేమో మొన తేలి ఉంటాయి. కట్టడం సాగుతుండగానే కట్టే తీరు మారిపోయిందన్నమాట. తరవాత సైనికులు దాన్ని బ్యారక్‌గా వాడుకున్నారు. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

అక్కడి నుంచి టల్స్క్ అనే చిన్న ఊరి దగ్గర రాత్‌క్రోగన్ చూశాం. పడమటి ఐర్లండ్ రాజులకు ఇది పట్టాభిషేకాల చోటు. కోట లేదు, ప్రాకారం లేదు. పచ్చిక మధ్యలో 90 మీటర్ల వెడల్పున్న ఒక గుండ్రటి దిబ్బ, చుట్టూ పొలాల్లో వందల కొద్దీ చిన్నా పెద్దా గురుతులు. మేవ్ అనే రాణి ఇక్కడే ఉండేదట. ఆవిడా మొగుడూ ఒక రాత్రి ఎవరి ఆస్తి ఎక్కువో లెక్క తేల్చుకోబోతే అన్నీ సమానమయ్యాయి గాని, ఆయనకు ఒక తెల్లకొమ్ముల ఎద్దు ఎక్కువ తేలింది. దానికి జోడు తెచ్చుకోవడానికి మేవ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ మీదికి దండెత్తిపోయింది. ఇది పురాణమే. కానీ అక్కడి గైడు చెబుతుంటే నిన్నగాక మొన్న ఆ ఊళ్ళో జరిగినట్టే అనిపించింది.

ఆ దిబ్బకు కొద్ది దూరంలో, ఒక రైతు పొలం పక్కన, ముళ్ళపొదల కింద గుహ ఉంది. దాన్ని పిల్లుల గుహ అంటారు. అక్టోబరు 31 రాత్రి ఇతర లోకపు వాళ్ళు ఇందులోంచే బయటికొస్తారని పాతకాలం వాళ్ళ నమ్మకం. మీరు సినిమాల్లో చూసే హాలోవీన్ పండగకు పుట్టుక ఆ రాత్రి వాళ్ళు చేసుకున్న పండగే. గుహ నోరు ఎంత ఇరుకంటే నడుం వంచి, కూర్చుని, జారాలి. లోపల గైడు టార్చి పైకి వేసి కప్పుకు అడ్డంగా ఉన్న రాయి చూపించాడు. రాయి అంచు వెంట చిన్న చిన్న గాట్లు. కొన్ని ఇటు, కొన్ని అటు, కొన్ని అంచును దాటుకుంటూ ఏటవాలుగా. చాకుతో కర్ర మీద లెక్క గీసుకున్నట్టుంది. అది ఓగమ్ లిపి, పదిహేను వందల ఏళ్ళ కిందటిది. ఆ గాట్లు చదివితే వచ్చేది ఇంతే: 'మేవ్ కొడుకు ఫ్రేచ్‌ది'.

ఇలాంటి రాళ్ళు ఐర్లండ్‌లో వందల్లో దొరికాయి. దాదాపు అన్నిటి మీదా ఇదే తీరు. ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు. గొప్ప పనులు రాసుకోలేదు, యుద్ధాలు రాసుకోలేదు. తానెవరో, ఎవరి బిడ్డో, అంతవరకే రాసుకున్నారు. ఆ రాయి కింద నిలబడి నేను చాలాసేపు దాన్నే చూశాను.

ఇక స్ట్రోక్స్‌టౌన్. ఈ ఉత్తరం రాయాలని నాకు అనిపించింది ఈ ఊరి వల్లే.

అది జమీందారు కట్టించిన ఊరు. వెడల్పాటి వీధి నేరుగా పోయి ఆయన బంగళా గేటుకు తగులుతుంది. 1845లో ఈ జమీ మేజర్ డెనిస్ మాహన్ చేతికొచ్చింది. చుట్టుపక్కల వేలాది మంది కౌలుదార్లు. ఒక్కొక్కరికి ఎకరమో, అరెకరమో. పండించిన ధాన్యం శిస్తుకే పోయేది. తాము తినడానికి మాత్రం బంగాళాదుంప. అది కొద్దిపాటి చెక్కలోనే ఇంటిల్లిపాదికీ సరిపడా పండుతుంది గనక కష్టం చేసే మగమనిషి రోజుకు ఐదారు కిలోల దాకా దుంపలే తినేవాడు. వేరే తిండి లేదు.

1845లో ఆ దుంపకు తెగులొచ్చింది. మా వైపు టమాటా రైతులకు ఈ తెగులు బాగా తెలుసు. ముసురు పట్టినప్పుడు ఆకు నల్లబడి, రెండు మూడు రోజుల్లో తోట మాడిపోతుందే, ఆ లేట్ బ్లైటే. బంగాళాదుంపా టమాటా ఒకే కుటుంబపు మొక్కలు, రెంటికీ ఇది సోకుతుంది. మొదటి ఏడు పంట కొంత దక్కింది. 1846లో ఇంచుమించు అంతా పోయింది. భూమి తవ్వితే కుళ్ళిన ముద్ద, కంపు. ఆ ఏడు ఆగస్టులో మాహన్ కౌలుదార్లు ఒక అర్జీ రాసుకున్నారు. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే చూడలేకపోతున్నాం, పని ఇప్పించండి అని. దానం అడగలేదు, పని అడిగారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

దేశం మొత్తం మీద సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షలకు పైగా దేశం విడిచిపోయారు. తిండిగింజలు మాత్రం రేవుల నుంచి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. దీన్ని నేను దేవుడు తెచ్చిన కరువు అని ఒప్పుకోను. తెగులు ప్రకృతిది, ఆకలి మనుషులు చేసింది. లండన్ ఖజానాలో కూర్చుని సాయం పద్దులు చూసిన చార్లెస్ ట్రెవెల్యన్, ఎక్కువ సాయం చేస్తే జనం సోమరులవుతారన్న ఆలోచనవాడు. ఆయనే 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. మన జిల్లాలూ అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. ధాత కరువు గురించి రాయలసీమలో మీ ముత్తవ్వలు చెప్పుకున్న మాటలు మీరు విన్నారో లేదో. 1876 నుంచి 78 దాకా వచ్చిన ఆ కరువులోనూ మద్రాసు నుంచి ధాన్యం ఓడలెక్కింది. ఐర్లండ్ కరువు మొదలైన కొత్తల్లో కలకత్తాలో చందాలు పోగుచేసి పంపారని కూడా ఇక్కడే చెప్పాలి.

మాహన్‌కు శిస్తులు రాలేదు. కౌలుదార్లను దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్‌లో పోషించడం కన్నా ఓడ ఎక్కించి పంపేస్తే ఖర్చు తక్కువని లెక్క తేలింది. 1847 మే నెలలో 1,490 మందిని బయలుదేరదీశారు. రాయల్ కెనాల్ అనే కాలవ గట్టు వెంట డబ్లిన్ దాకా నడక, 165 కిలోమీటర్లు. అప్పటికే ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులు, చంటిపిల్లలతో. డబ్లిన్ నుంచి లివర్‌పూల్, అక్కడి నుంచి ఓడల్లో కెనడా. ఓడ అడుగు అరల్లో టైఫస్ జ్వరం. దారిలోనూ, దిగాక క్వారంటైన్ దీవిలోనూ కలిపి సగం మంది దాకా పోయారు. ఆ నవంబరులో మాహన్‌ను ఎవరో దారి కాసి కాల్చి చంపారు.

నయోమీ అనే ఓడలో పన్నెండేళ్ళ కుర్రాడు డేనియల్ టై ఉన్నాడు. తల్లి, మేనమామ, తోబుట్టువులతో ఎక్కాడు. దిగేసరికి మిగిలింది డేనియల్, అక్కచెల్లెళ్ళలో కాథరిన్. ఫ్రెంచి మాట్లాడే ఒక క్విబెక్ రైతు కుటుంబం కుర్రాణ్ణి పెంచుకోవడానికి వస్తే, ఇద్దరూ ఒకరినొకరు వదల్లేదట. ఇద్దరినీ తీసుకెళ్ళారు. కొత్త ఊరు, తెలియని భాష. అయినా ఇంటిపేరు మాత్రం వాళ్ళకే ఉండనిచ్చారు. ఆ పేరు తరం తరవాత తరం నిలిచింది. 2013లో ఆ వంశీకుడొకరు స్ట్రోక్స్‌టౌన్ తిరిగొచ్చి, డేనియల్ నడిచి వెళ్ళిన నేల మీద నిలబడ్డారు.

ఇప్పుడా నడక దారిని యాత్రా మార్గం చేశారు. దారి వెంట కంచుతో పోతపోసిన చిన్నపిల్లల బూట్లు పెట్టారు. నిజమైన పాత బూట్ల జత చూసి పోసినవవి. నాలుక మడతపడి, లేసులు ఊడి, మడమ అరిగి. నా అరచెయ్యంత ఉందా బూటు.

ఇదంతా ఎలా తెలిసిందంటారా? 1979లో లారీల వ్యాపారం చేసే స్థానికుడొకాయన ఆ బంగళా, భూమి కొన్నారు. ఆయనకు కావలసింది స్థలం. లోపల చూస్తే జమీ కాగితాలు వేలకు వేలు. అందులో ఇందాక చెప్పిన అర్జీ చేతికొచ్చింది. అది చదివాక అమ్మినవాళ్ళతో మాట్లాడి ఆ కాగితాలేవీ ఊరు దాటకుండా చూసుకున్నారు. 1994లో మ్యూజియం తెరిచారు. పాత కాగితం విలువ తెలిసిన మనిషి ఒక్కడుంటే ఒక ఊరి చరిత్ర నిలబడుతుందని నాకు గట్టిగా అనిపించింది.

స్ట్రోక్స్‌టౌన్‌లోనే వంశవృక్షాలు వెతికిపెట్టే కేంద్రం ఉంది. మేం ఊళ్ళో ఉండగా బోస్టన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో మాటలు కలిశాయి. ఆవిడ దగ్గర ఉన్నది ముత్తాత ఇంటిపేరు కెల్లీ, రాస్‌కామన్ అనే మాట, అంతే. కెల్లీలు ఆ కౌంటీలో ఎక్కడ చూసినా ఉంటారు. కేంద్రంలో వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "మీ వాళ్ళ టౌన్‌లాండ్ ఏది?"

టౌన్‌లాండ్ అంటే పట్టణం అనుకునేరు. అది పేరున్న చిన్న భూభాగం. కొన్ని పొలాలు, కొన్ని ఇళ్ళు. ఐర్లండ్ అంతా కలిపి 60,000కు పైగా ఉన్నాయి. ఆ పేరు తెలిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. ఎందుకంటే 1847 నుంచి 1864 వరకు రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి పన్ను కోసం దేశంలో ప్రతి కమతానికీ లెక్క తీయించాడు. సాగు చేసేవాడు ఎవరు, భూస్వామి ఎవరు, ఎంత భూమి, విలువ ఎంత. మన అడంగల్ అనుకోండి. పేదవాడి పేరు దొరికేది అందులోనే. అంతకు ముందటి జనాభా లెక్కలు డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనాల్లో ఉండేవి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం తొలి రోజుల్లో, అక్కడి రికార్డుల కార్యాలయం పేలి తగలబడింది. ఏడు వందల ఏళ్ళ కాగితాలు మసై నగరం మీద పడ్డాయి. 1861 నుంచి 1891 దాకా తీసిన నాలుగు జనాభా లెక్కలనైతే అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. పూర్తిగా మిగిలిన మొట్టమొదటి లెక్క 1901ది.

(డబ్లిన్ పేరొచ్చింది గనక ఒక మాట. మన రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1913 నుంచి 1916 దాకా అక్కడ లా చదివారు. 1916లో ఐరిష్ వాళ్ళు బ్రిటిష్ పాలన మీద చేసిన ఈస్టర్ తిరుగుబాటు తరవాత బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నారు.)

బోస్టన్ పెద్దావిడకు టౌన్‌లాండ్ తెలియదు. తన చిన్నతనంలో నాయనమ్మ ఏదో పేరు చెప్పేదని, అది గుర్తు రావడం లేదని అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. అక్కడి అమ్మాయి చాలా ఓపికమంతురాలు. ముత్తాత సమాధి రాయి అమెరికాలో ఎక్కడుందో కనుక్కోండి, ఆ రోజుల్లో ఐరిష్ వాళ్ళు రాయి మీద సొంత ఊరి పేరు చెక్కించుకునేవారు, అని చెప్పింది. ఆవిడ అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేసింది. ఏం తేలిందో తెలుసుకునేలోగా మా బస్సు వేళయింది.

1901, 1911 జనాభా లెక్కల కాగితాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో కాగితం. ఇంటి యజమాని సంతకం, ఎవరికి చదువొచ్చు, ఎవరికి ఐరిష్ భాషొచ్చు, అన్నీ ఉంటాయి. రాస్‌కామన్‌లో ఏదో ఒక టౌన్‌లాండ్ తెరిచి ఒక ఇల్లు చదవండి. సంతకం రానివాళ్ళు పేరుకు బదులు పెట్టిన అడ్డగీతల గుర్తు కూడా కనబడుతుంది. చూశాక మీకేమనిపించిందో నాకు రాయండి. మీ ఇంట్లో ముత్తాత ఊరు, దాని శివారు పల్లె పేరుతో సహా, ఎవరికి తెలుసో కనుక్కుని అదీ అందులో చేర్చండి.

రాత్‌క్రోగన్ గుహకు టల్స్క్ సందర్శకుల కేంద్రంలో ముందే చెప్పుకుని గైడుతో వెళ్ళాలి. పాత బట్టలు, పట్టున్న బూట్లు వేసుకోండి. పొలాల గేట్లు తీసినవాళ్ళు మళ్ళీ వేసి రావాలి. లేకపోతే గొర్రెలు రోడ్డెక్కుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య
మదనపల్లె