గిల్లేదీ వాళ్ళే, జోల పాడేదీ వాళ్ళే

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో రోజూ సాయంత్రం ఒక పంచాయితీ జరుగుతుంది. ఆరో అంతస్తు అక్కాతమ్ముళ్ళు స్కూల్ బస్సు దిగి వస్తారు. అక్కకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. బయట లిఫ్ట్‌ని పిలిచే బటన్ ఒకటి, లోపల అంతస్తు నంబరు ఒకటి. ఏది ఎవరు నొక్కాలన్నదే తగువు. మొన్న వాడు భుజం మీద బ్యాగు సర్దుకునేలోపే అక్క రెండూ నొక్కేసింది. వాడు లిఫ్ట్‌లోనే నేల మీద చతికిలబడి "మళ్ళీ కిందికి పోదాం" అని ఒకటే ఏడుపు. ఆ పిల్ల నా వైపు ఓసారి చూసి, వాడి చెవిలో "అమ్మకు చెప్పకు, రేపు రెండూ నువ్వే నొక్కు" అంది. వాడు ముక్కు తుడుచుకుని కాసేపు ఆలోచించాడు. "రేపు కాదు, ఇప్పుడే. లేకపోతే చెప్తా." లిఫ్ట్ మళ్ళీ కిందికి దిగింది. వాళ్ళతోపాటు కూరల సంచీతో నేనూ దిగాను.

బెంగళూరులో కె.ఆర్. పురం వైపు ఉంటాం. మా బిల్డింగులో సగం మంది మదనపల్లె, అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళమే. పిల్లలు తిట్టుకునేది ఇంగ్లీషులో, చాడీలు చెప్పేది కన్నడలో, ఏడ్చేది మాత్రం తెలుగులో. ఏ భాషలో జరిగినా ఆ లిఫ్ట్ బేరం చిన్న విషయమేం కాదు. తమ్ముడికి ఏం కావాలో అక్కకు తెలుసు. అక్క ఎవరికి జంకుతుందో తమ్ముడికి తెలుసు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో లెక్కేసి మాట్లాడటం పుట్టుకతో వచ్చే విద్య కాదు.

దీన్ని పరీక్షించడానికి 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ని ఒక అలమరలో పెట్టి ఆటకు వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు చాలామంది చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియదన్న సంగతి వాళ్ళకు అందదు. నాలుగైదేళ్ళకు అందుతుంది. 1994లో పెర్నర్ బృందం ఇంకో మాట చెప్పింది: ఇంట్లో తోబుట్టువులున్న పిల్లలకు ఇది కాస్త ముందే అందుతోందట. తర్వాతి పరిశోధనల్లో ఫలితం అన్నిచోట్లా ఒకేలా రాలేదు. కొన్నిచోట్ల పైన అక్కో అన్నో ఉంటేనే లాభం కనబడింది. కొన్నిచోట్ల అదీ లేదు. నాకు అది వింతగా అనిపించదు. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క కన్నా, వాళ్ళ మధ్య ఎలాంటి మాటలు నడుస్తున్నాయన్నది ముఖ్యం కావాలి కదా.

ఆ మాటల్ని దగ్గర కూర్చుని విన్న మనిషి జూడీ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 40 కుటుంబాలను, తల్లి రెండోసారి గర్భంతో ఉన్నప్పటి నుంచే, ఆమె బృందం గమనిస్తూ వచ్చింది. పిల్లల్ని ల్యాబ్‌కు పిలిపించలేదు, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. చంటిబిడ్డ వచ్చాక పెద్దపిల్లలు మారాం చేయడం, పేచీ పెట్టడం, పక్క తడపడం ఊహించినవే. ఆమెకు దొరికిన అసలు తేడా వేరే చోట ఉంది. కొన్ని ఇళ్ళలో తల్లి చంటిబిడ్డను ఒక మనిషిగా లెక్కగట్టి పెద్దపిల్లతో మాట్లాడింది. మన మాటల్లో చెప్పాలంటే, "చెల్లి ఎందుకేడుస్తోందంటావ్? ఆకలా, నిద్రా?" అన్నట్టు. ఇంకొన్ని ఇళ్ళలో అలాంటి మాటే లేదు. మొదటి రకం ఇళ్ళలో పెద్దపిల్లలు చిన్నవాళ్ళతో ఎక్కువ స్నేహంగా మెలిగారు. నెలలు గడిచాక కూడా ఆ తేడా కనిపించింది.

గిల్లి జోల పాడటమంటే మనకు కపటమని అర్థం. ఊయల పక్కన కూర్చున్న మూడేళ్ళ పిల్లను చూస్తే మాత్రం ఆ సామెత మీద జాలేస్తుంది. ఆ పిల్ల గిల్లుడూ నిజమే, జోలా నిజమే. గిల్లితే ఏమవుతుందో, పాడితే ఏమవుతుందో ఒకే మొహం మీద చూసి నేర్చుకుంటోంది.

నేర్పు పైనుంచి కిందికే పారుతుందనుకుంటాం. 2018లో వచ్చిన ఒక కెనడా అధ్యయనం 452 జంటల తోబుట్టువులను చూసింది. మొదలుపెట్టేసరికి చిన్నవాళ్ళకు ఏడాదిన్నర, పెద్దవాళ్ళకు నాలుగేళ్ళు. పరిశోధకురాలు మోకాలికి దెబ్బ తగిలినట్టు నటిస్తుంది, పిల్లల మొహాల్లో, చేతల్లో జాలి ఎంతుందో చూస్తారు. మరో ఏడాదిన్నరకు చూస్తే, జాలిగుండె ఉన్న చిన్నపిల్ల ఉన్న ఇంట్లో పెద్దపిల్లల్లో కూడా ఆ గుణం పెరిగింది. తమ్ముళ్ళ నుంచి అక్కలకు మాత్రం పెద్దగా ఏమీ అందలేదు. ఈ వాక్యం మా అక్కకు చదివి వినిపిస్తే ఫోన్‌లో పది నిమిషాలు నవ్వింది. మా తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

తోబుట్టువు అన్న మాట మనకు కాగితం మీదే. ఇంట్లో అక్క, అన్న, చెల్లి, తమ్ముడు. వయసు వరసలోనే ఉంది. దాంతోపాటే ఒక తీర్పు కూడా వచ్చేస్తుంది: "చిన్నవాడు కదా, ఇచ్చెయ్." పెద్దవాళ్ళు బాధ్యతగలవాళ్ళు, చిన్నవాళ్ళు గారాబాలు అని స్వభావాలు కూడా పంచిపెట్టేస్తాం. అమెరికా, బ్రిటన్, జర్మనీలలో 20,000 మందికి పైగా మనుషుల వివరాలను 2015లో పరిశీలిస్తే, పుట్టిన వరసకూ కలుపుగోలుతనం, పట్టుదల లాంటి గుణాలకూ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. మనం పోల్చేది ఎప్పుడూ పదేళ్ళ పిల్లనూ ఆరేళ్ళ పిల్లాణ్ణీ. వాడికి పదేళ్ళొచ్చాక చూస్తే కదా.

మరి తగువు మధ్యలోకి వెళ్ళాలా, వద్దా? కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో హిల్డీ రాస్, ఆమె సహచరులు కొందరు తల్లులకు మధ్యవర్తిత్వం నేర్పారు. తీర్పు చెప్పకూడదు. ముందు కొట్టుకోకూడదన్న నియమం, తర్వాత గొడవ దేని గురించో తేల్చడం, ఆపైన ఒకరి బాధ ఇంకొకరు వినేలా చూడటం, చివరికి దారి పిల్లల్నే వెతుక్కోమనడం. ఆ ఇళ్ళ పిల్లలు ఎదుటివాళ్ళ పక్షం మెరుగ్గా అర్థం చేసుకున్నారు. అన్నం కలుపుతూ, ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి ఇదంతా చేయడం ఎవరికైనా టెన్షనే. రోజుకు ఒక్క తగువుకైనా చేస్తే చాలని నా లెక్క.

పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి పేచీల రంగు మారుతుంది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఇద్దరికీ ఒకటే గది, ఒకటే అలమర. మిస్సోరి విశ్వవిద్యాలయంలో నికోల్ కాంపియోన్‌బార్ బృందం 145 జంటల తోబుట్టువులను ఏడాది తేడాతో రెండుసార్లు పలకరించింది. సగటున చిన్నవాళ్ళకు 12, పెద్దవాళ్ళకు 15. "నా వస్తువులు ముట్టుకోకు" రకం గొడవలు ఎక్కువున్న చోట ఏడాది తర్వాత ఆందోళన ఎక్కువగా, తమ మీద తమకు నమ్మకం తక్కువగా కనిపించాయి. "ఈసారి నా వంతు" రకం గొడవలున్న చోట దిగులు ఎక్కువ. ఇవి ముడిపడి ఉన్నాయనే తప్ప, ఇదే దానికి కారణమని తేల్చేయలేం. అయినా నేను నమ్ముతాను. మదనపల్లెలో నాకు పన్నెండేళ్ళప్పుడు మా అక్క నా నోటుబుక్కు వెనక పేజీలు తీసి, భోజనాల దగ్గర అందరి ముందూ చదివింది. నాన్న నవ్వారు. ఇంకొక్కసారి నవ్వి ఉంటే అన్నం వదిలేసి లేచిపోయేదాన్ని. అక్క మొహం చూసి ఆపేశారు. ఆమె మొహంలో ఏం కనబడిందో ఇప్పటికీ తెలియదు గానీ, ఆ రాత్రి ఆమె తన పెట్టె తాళంచెవి నా దిండు కింద పెట్టింది.

పిల్లలన్నాక కొట్టుకుంటారు అన్న మాటకు ఒక హద్దుంది. బ్రిటన్‌లో దాదాపు 7,000 మంది పిల్లల్ని పన్నెండేళ్ళప్పుడు అడిగి, పద్దెనిమిదేళ్ళప్పుడు మళ్ళీ చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. వారానికి పలుమార్లు తోబుట్టువు చేతిలో వేధింపులు పడ్డవాళ్ళు డిప్రెషన్‌లో పడటం, ఏ వేధింపూ లేనివాళ్ళ కన్నా సుమారు రెండింతలుంది. తగువులో ఇద్దరికీ గెలుపోటములుంటాయి. ఎప్పుడూ ఒకరే ఏడుస్తుంటే అది తగువు కాదు, పెద్దవాళ్ళు ఆపాల్సిందే.

మా ఇంట్లో ఒక్కతే కూతురు. మాలాంటి ఇళ్ళు పెరుగుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో సగటున స్త్రీకి 1.7 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. ఒంటరి పిల్లలు మొండివాళ్ళవుతారని మా అత్తగారి భయం. 1986లోనే టోనీ ఫాల్బో, డెనిస్ పోలిట్ 115 అధ్యయనాలు కలిపి చూసి ఆ భయానికి ఆధారం లేదన్నారు. పెద్దమ్మ పిల్లలూ, పిన్ని పిల్లలూ మనకు అక్కలూ తమ్ముళ్ళే కాబట్టి వేసవి సెలవుల్లో కొంత తీరుతుంది. మిగతా పది నెలలకు లిఫ్ట్ ఉంది.

ఈ మధ్య మా అమ్మాయి కూడా అదే బస్సులో దిగుతోంది. మాది నాలుగో అంతస్తు. ఆరో అంతస్తు పిల్లాడు దానికీ "అక్కా" తగిలించాడు. రెండంతస్తులు నొక్కాలి కాబట్టి ఇప్పుడు బటన్లు మూడు, పిల్లలు ముగ్గురు. తలకొకటి వస్తుందని మీరూ నేనూ అనుకుంటాం. బయటి బటన్ ఎవరికీ వద్దట, అది నొక్కితే వెలగదు. నిన్న బేరం తెగక లిఫ్ట్ తలుపు నాలుగుసార్లు మూసుకుని తెరుచుకుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను విసిగిపోయి మెట్లెక్కేశాడు.