మూడో కృష్ణుడు, నాలుగో డాక్టరు

తిరుపతిలో ఇంగ్లీషు సీరియళ్లు చూసే కుర్రాళ్ల మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో హీరో పేరే డాక్టరు, ఆ వేషం ఎవరు బాగా కట్టారు? డేవిడ్ టెనెంట్ అని ఒకడంటాడు, మ్యాట్ స్మిత్ అని ఇంకొకడు. పీటర్ కపాల్డీ ముందు ఇద్దరూ దిగదుడుపేనని మూడోవాడు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో పెన్‌డ్రైవ్ ఏ గదికి వెళ్తే ఈ గొడవా ఆ గదికి వెళ్లేది. దీని మూలం వెతుక్కుంటూ పోతే 1966లో ఒక నటుడి జబ్బు దగ్గర తేలుతుంది.

ఆ సీరియల్ బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైంది. ముందు రోజే అమెరికాలో కెనడీ హత్య జరిగింది. అందుకే వారం తర్వాత రెండో ఎపిసోడుకు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. ఆ మొదటి ఎపిసోడు దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. డాక్టరుగా వేసిన విలియం హార్ట్‌నెల్‌కు అప్పటికి 55 ఏళ్లు. కసురుకునే తాతగారి తరహా పాత్ర. మూడేళ్లు గడిచేసరికి రక్తనాళాల జబ్బు ముదిరి డైలాగులు గుర్తుండటం కష్టమైపోయింది. సీరియల్‌కేమో మంచి గిరాకీ, ఆపడానికి మనసొప్పదు.

మన టీవీ సీరియళ్లలో అయితే ఇకపై ఈ పాత్రలో ఫలానావారు అని తెర కింద అక్షరాలు వేసి కానిచ్చేస్తారు. వాళ్లు ఆ పని చేయలేదు. డాక్టరు వేరే గ్రహంవాడు కదా, ఒళ్లు అరిగిపోతే కొత్త ఒంట్లోకి మారతాడని కథలోనే కలిపేశారు. 1966 అక్టోబరు 29న హార్ట్‌నెల్ కింద పడ్డాడు, ప్యాట్రిక్ ట్రౌటన్ ముఖం తేలింది. దీనికి రీజనరేషన్ అనే పేరు 1974లో గానీ రాలేదు. ముఖం మార్చడంకన్నా నన్ను ఆకట్టుకునే సంగతి, ట్రౌటన్ చేత హార్ట్‌నెల్‌ను అనుకరింపజేయకపోవడం. ఈయన పిల్లనగ్రోవిలాంటిది ఊదుకుంటూ, వదులు కోటులో కోతిచేష్టలు చేసే డాక్టరు. అనుకరించి ఉంటే పాతాయనకు ఎంత దగ్గరగా చేశాడన్న లెక్కతో సరిపోయేది. వేరేగా చేశాడు కాబట్టే ఎవరు గొప్ప అన్న ప్రశ్న పుట్టింది.

చిత్తూరు వైపు పెరిగినవాళ్లకు ఇదేమీ వింత కాదు. పద్యనాటకంలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు దిగుతారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు. రెండో కృష్ణుడు రాగం తీయగానే మా తాత పక్కనున్నవాళ్లతో వాదనకు దిగేవాడట, ఆ పద్యం మొదటాయన పాడి ఉంటేనా అని. (ఆ పద్యాలు రాసిన తిరుపతి వెంకట కవుల పేరులో మా ఊరు ఉన్నా వాళ్లు మా ఊరివాళ్లు కారు.) ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం ఆడే ఊళ్లలో ఈ ఏడాది దుర్యోధనుణ్ణి పోయినేటి దుర్యోధనుడితో పోల్చనివాడు ఉండడు.

అయితే మన కృష్ణులందరికీ పద్యాలు అవే. డాక్టర్లకు ఆ సౌకర్యం లేదు. ఒక్కొక్కరికి దొరికిన కథ వేరు, డబ్బు వేరు. పోలికలు అడ్డం తిరిగేది ఇక్కడే. 1974 నుంచి 1981 దాకా ఏడేళ్లు చేసిన టామ్ బేకర్ నాలుగో డాక్టరు, అందరికంటే ఎక్కువ కాలం ఆయనదే. ఆయన పొడుగాటి మఫ్లరు చూస్తూ పెరిగిన తరానికి తర్వాత ఎవరొచ్చినా ఆననే లేదు. ఐదోవాడు పీటర్ డేవిసన్ 1984లో ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’ అనే కథతో వెళ్లిపోయాడు. ఆ వెంటనే ప్రసారమైంది ఆరోవాడు కోలిన్ బేకర్ తొలి కథ ‘ది ట్విన్ డైలెమా’. 2009లో ఆ సీరియల్ పత్రిక పాఠకుల చేత 200 కథలకు ర్యాంకులు వేయిస్తే మొదటిది 1, రెండోది 200. ఆ పైన 1985లో ఏడాదిన్నర విరామం, 1986లో ఉద్వాసన. ఆయన నటన బాగాలేదని తేల్చేసేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి. నా ఓటు ఆయనకు పడదు గానీ, జరిగింది అన్యాయమే.

ట్రౌటన్ సంగతి ఇంకా ఘోరం. టేపులు ఖరీదని బీబీసీ పాతవి చెరిపి మళ్లీ వాడుకుంది. 1960ల ఎపిసోడ్లలో తొంభైకి పైగా దొరకలేదు, సగానికి పైగా ఆయనవే. అప్పటి అభిమానులు ఇళ్లలో టీవీ ముందు రికార్డరు పెట్టి పట్టుకున్న శబ్దం మాత్రం అన్నిటికీ మిగిలింది. మనిషి ముఖం చూడకుండా మార్కులెలా వేస్తారు?

1989లో ఆగిన సీరియల్, 1996లో ఒక్క టీవీ సినిమా తప్పిస్తే, మళ్లీ 2005లోనే వచ్చింది. మన కుర్రాళ్ల వాదనలన్నీ ఆ తర్వాతి డాక్టర్ల మీదే. టెనెంట్ చిన్నప్పుడు డేవిసన్ అభిమాని, తర్వాత ఆయనకే అల్లుడయ్యాడు. మామా అల్లుళ్లలో ఎవరు గొప్ప అని అడిగితే ఆ ఇంట్లో ఏం జవాబొస్తుందో గానీ, మా హాస్టల్లో మాత్రం అల్లుడే గెలిచేవాడు. కపాల్డీ కూడా పదిహేనేళ్లప్పుడు ఈ సీరియల్ గురించి పత్రికకు ఉత్తరం రాసిన అభిమానే.

2017లో జోడీ విటేకర్ పేరు ప్రకటించినప్పుడు ఆడమనిషి డాక్టరేమిటని కొందరు అలిగారు. ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావు సత్యభామకు పులకించిపోయిన జాతి మనది, మనకు ఆ అలక అంటకూడదు. అంటింది. హాస్టల్ స్నేహితుల్లో ఇద్దరు అక్కడితో చూడటం మానేశారు. ఆమెకు పడిన కథలు నీరసంగా ఉన్నాయన్న మాటలో కొంత నిజముంది. అది ఆమె తప్పెలా అవుతుందో వాళ్లే చెప్పాలి.

2025 మే 31న చుటీ గట్వా వెళ్లిపోతూ బిల్లీ పైపర్ ముఖంలోకి మారాడు. 2005లో డాక్టరు వెంట తిరిగిన రోజ్ పాత్ర ఆమెదే. చివర్లో పేర్లు పడేటప్పుడు ఆమె పక్కన డాక్టరు అని వేయలేదు. సీరియల్ మానేసిన ఆ ఇద్దరిలో ఒకడు మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, ‘ఈమెను లెక్కలో వేసుకోవాలా వద్దా?’ అని అడిగాడు.