మట్టి రిపోర్టులో ‘సీహెచ్’ ఎక్కడిది?

నల్లరేగడిలో ఇల్లు కట్టేముందు సాయిల్ టెస్ట్ చేయిస్తే, రిపోర్టులో చాలాసార్లు ‘సీహెచ్’ అన్న గుర్తు కనిపిస్తుంది. జిగట బాగా ఉన్న బంకమట్టి అని దాని లెక్క. రేగడి, చెల్క, గరప, చవుడు అంటూ రైతులు పంట కోసం నేలను ఎప్పుడో వేరుచేసి పెట్టుకున్నారు. ఇంజినీరు వెతుక్కునేది మాత్రం బరువు పడితే ఎంత కుంగుతుంది, తడిస్తే ఏమవుతుంది అన్నది.

ఆ ఇంజినీరు పరీక్షకూ మూలం వ్యవసాయంలోనే ఉంది. స్వీడన్‌లోని కాల్మార్‌లో వ్యవసాయ పరిశోధన చేసిన రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అట్టర్‌బర్గ్, తడిని బట్టి బంకమట్టి తీరు ఎక్కడెక్కడ మారుతుందో చెప్పే హద్దులను 1911లో ప్రకటించాడు. గిన్నెలో తడిమట్టి పరిచి, మధ్యలో గాడి తీసి, గిన్నెను అరచేతికేసి కొట్టేవాడు. గాడి పూడుకుపోతే మట్టి జారే దశకు వచ్చినట్టు. అదే మట్టిని వేళ్లకింద పురికొసలా పేనుతూ పోతే ఒకచోట పొడిబారి తెగుతుంది, అది రెండో హద్దు. ఈ రెండింటి నీటి శాతాల మధ్య తేడాయే ప్లాస్టిసిటీ ఇండెక్స్.

చేత్తో కొట్టే దెబ్బ అందరిదీ ఒకేలా ఉండదు కదా. అందుకే అమెరికాలో పనిచేసిన మట్టి ఇంజినీరు ఆర్థర్ కాసాగ్రాండే 1932లో ఆ పనిని యంత్రానికి అప్పజెప్పాడు. పిడి ఒక్క చుట్టు తిప్పితే ఇత్తడి గిన్నె సెంటీమీటరు ఎత్తు నుంచి పడుతుంది. 25 దెబ్బలకు గాడి పూడితే, అప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతమే లిక్విడ్ లిమిట్. మన సివిల్ ల్యాబుల్లో పిల్లలు టకటకా తిప్పే గిన్నె ఇదే.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అమెరికా సైన్యానికి ఎక్కడికక్కడ రన్‌వేలు కావాలి, అవీ వెంటనే. కాసాగ్రాండే 1942 ప్రాంతంలో రెండక్షరాల పద్ధతి తయారుచేశాడు. మొదటి అక్షరం మట్టి జాతి, రెండోది దాని గుణం. సీ అంటే క్లే, అంటే బంకమట్టి; హెచ్ అంటే హై, అంటే జిగట ఎక్కువ. కొద్ది మార్పులతో 1952లో అదే యూనిఫైడ్ వర్గీకరణ అయింది. మనదేశంలో ఐఎస్ 1498 ప్రమాణం 1959లో వచ్చి, 1970లో సవరణ పొందింది. జిగట ఎక్కువా తక్కువా అని లిక్విడ్ లిమిట్ 50 శాతం దగ్గర ఒక్క గీత గీసి అమెరికా ఊరుకుంటే, మనవాళ్లు 35 దగ్గర ఇంకోటి గీసి మధ్యరకం ‘సీఐ’ని చేర్చారు. తెలివైన పనే.

చిక్కల్లా ఏమిటంటే, ఈ పరీక్షలన్నీ నలగ్గొట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి మీద చేసేవి. భూమిలో అది ఎంత గట్టిగా ఉందో అక్షరాలు చెప్పవు. ఉబ్బు సంగతీ నేరుగా చెప్పవు. రెండు చోట్ల మట్టీ సీహెచ్ కావచ్చు, మాంట్‌మొరిల్లోనైట్ ఖనిజం ఎక్కువున్నది మాత్రం వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడలు చీలుస్తుంది.

అందుకే రేగడిలో ఫ్రీ స్వెల్ పరీక్ష కూడా అడగాలి. రెండు గాజు జాడీల్లో 10 గ్రాముల చొప్పున ఎండుమట్టి వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. దానితో పోలిస్తే నీళ్లలో మట్టి ఎంత శాతం పెరిగిందో చూస్తారు. బాగా పెరిగితే మామూలు పునాదిని నమ్ముకోకుండా, వానకూ ఎండకూ తడి మారని లోతుకు దిగే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వంటివాటి గురించి ఇంజినీరుతో మాట్లాడాలి.