ఫోన్ గుర్తు చేస్తే సరిపోతుందా? హెచ్‌ఐవీ మందులపై అపోహలు - వాస్తవాలు

నేను ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే కేంద్రంలో, కౌన్సెలర్‌ని. "రోజూ ఒక మెసేజ్ పెడితే మందులు ఎవరు మానేస్తారు మేడమ్?" అని కొత్తగా చేరిన సిబ్బంది అడుగుతుంటారు.

అపోహ: మందులు మానడానికి కారణం మతిమరుపే.

వాస్తవం: కొందరు నిజంగానే మరిచిపోతారు. కానీ నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి మందు గుర్తుంటుంది, వేసుకునే వీలే ఉండదు. అత్తగారి ముందు డబ్బా తీయలేరు. కూలి పోతుందని సెంటర్‌కు రాలేరు. అలారం ఈ కష్టాలను తీర్చలేదు.

కెన్యాలో 538 మందితో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. క్లినిక్ నుంచి వారానికోసారి వెళ్లిన మెసేజ్‌లో మందు ఊసే లేదు. "మాంబో?" అంతే, అంటే "ఎలా ఉన్నారు?" అని. జవాబు రెండు రోజుల్లో ఇవ్వాలి: "సావా" అంటే బాగున్నాను, "షిదా" అంటే ఇబ్బంది. షిదా అన్నవారికి, జవాబివ్వని వారికి క్లినిక్ వాళ్లే ఫోన్ చేశారు. మెసేజ్‌లు అందినవారిలో 62 శాతం మంది మందులు సరిగ్గా వాడారు, అందనివారిలో 50 శాతం. నాకు ఇందులో నచ్చింది ఆ పలకరింపే.

అపోహ: ఎంత తరచుగా గుర్తు చేస్తే అంత మేలు.

వాస్తవం: కెన్యాలోనే 431 మందిపై జరిగిన మరో అధ్యయనంలో వారానికో మెసేజ్ ఫలితమిచ్చింది, రోజూ పంపితే ఇవ్వలేదు. మన దక్షిణ భారతంలో 631 మందిపై జరిగిన అధ్యయనంలో సగం మందికి దాదాపు రెండేళ్లపాటు వారం వారం ఆటోమేటిక్ కాల్, బొమ్మ మెసేజ్ పంపి చూశారు. మామూలు చికిత్సకంటే మెరుగైన ఫలితం రాలేదు. యంత్రం పలకరింపు ఒక్కటే చాలదని నాకు అనిపిస్తుంది.

అపోహ: ఫోన్ అంటే సొంత వస్తువే కదా, గుట్టు బయటపడదు.

వాస్తవం: మా దగ్గరకు వచ్చే ఒకావిడ తన నంబరని కొడుకు నంబరు రాయించింది. "మందులు అయిపోయాయి, రండి" అని చేసిన ఫోన్ అతను ఎత్తాడు. తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు. ఇప్పటికీ నాకు ఆ బాధ పోలేదు. అప్పటి నుంచి ముందే అడుగుతాను: ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఏ వేళకు చేయాలి? వేరేవాళ్లు ఎత్తితే నేనెవరని చెప్పాలి? మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు, సెంటర్ పేరు ఏవీ రాయను.

సిమ్ మారిస్తే మాకు చెప్పండి. పనికి వేరే ఊరు వెళ్తున్నా ముందే ఒక ఫోన్ చేయండి, అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు అందే ఏర్పాటు చూస్తాం.