‘సివిల్ ఏవియేషన్ అథారిటీ ఆఫ్ ఇండియా’ అనే ఆఫీసే లేదు: ఎయిర్‌పోర్టు ఉద్యోగాల మీద అపోహలు, వాస్తవాలు

నేను ఏటీసీలో, అంటే విమానాలకి రేడియోలో దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేస్తాను, సొంతూరు గుంటూరు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా బ్రాడీపేటలో మా గుమ్మం దగ్గరికి ఎవరో ఒకరు ఒక కాగితం పట్టుకుని వస్తారు, ‘ఇది నిజమేనా, కాస్త చూసి చెప్పండి’ అని. ఇన్నేళ్లలో అలా వచ్చిన ఆఫర్ లెటర్లలో ఒక్కటి కూడా నిజమైంది లేదు.

మొన్న సంక్రాంతికి వచ్చినాయన ప్రత్తిపాడు వైపు రైతు. లెటర్‌ని పొలం పాస్‌బుక్‌తో కలిపి పాలిథిన్ కవర్లో పెట్టి, మడత పడకుండా అట్టముక్క ఆనించి మరీ తెచ్చారు. పైన సింహాల గుర్తు, ఎక్కడో చిన్న బొమ్మను తీసుకుని పెద్దది చేసినట్టు మసగ్గా ఉంది. దాని కింద ‘సివిల్ ఏవియేషన్ అథారిటీ ఆఫ్ ఇండియా’. గన్నవరం ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్, పర్మనెంటు, నెలకు 38,000. చివర్లో గుండ్రటి స్టాంపు, అదీ ప్రింటే. వేలు తడిచేసి రుద్ది చూపిస్తే స్టాంపూ సంతకమూ ఒకే రంగులో అంటుకున్నాయి.

‘మీ అబ్బాయి రోల్ నంబర్ ఎంత బాబాయ్ గారూ?’ అని అడిగాను.

‘పరీక్ష లేదన్నారు బాబూ, అందుకే కదా డబ్బు కట్టింది’ అన్నారు.

మిర్చి అమ్మిన డబ్బులోంచి మూడు విడతల్లో లక్షా ఎనభై వేలు. మొదట రిజిస్ట్రేషన్ అన్నారట, తర్వాత సెక్యూరిటీ డిపాజిట్, చివరికి ఎయిర్‌పోర్టు పాసు కోసమని. అన్నీ ఎవరో ఒక మనిషి సొంత ఖాతాకి ఫోన్లోనే పంపించారు.

ముందు ఆ పేరు సంగతి. మన దేశంలో ఆ పేరుతో సంస్థ లేదు. 2013లో అలాంటిది ఒకటి పెట్టాలని లోక్‌సభలో బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. ఉన్నవి వేరు. డీజీసీఏ విమానయాన నియంత్రణ సంస్థ, పైలట్లకీ మెయింటెనెన్స్ ఇంజినీర్లకీ లైసెన్సులిస్తుంది, విమానాలు క్షేమంగా నడుస్తున్నాయా అని తనిఖీలు చేస్తుంది. దాని రెగ్యులర్ ఆఫీసర్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే మేము, ఎయిర్‌పోర్టులు నడుపుతాం, ఏటీసీ మాదే. సెక్యూరిటీ నిబంధనలు బీసీఏఎస్ అనే కేంద్ర సంస్థ పెడుతుంది, ప్రయాణికుల్ని తనిఖీ చేసేవాళ్ళు ఎక్కువ చోట్ల కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్. ఇక బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయి, లగేజీ ఎక్కించే కుర్రాడు మా ఉద్యోగులు కారు, ఎయిర్‌లైన్ వాళ్ళో, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ వాళ్ళో పెట్టుకున్నవాళ్ళు. కాబట్టి ‘ఎయిర్‌పోర్టు అథారిటీలో గ్రౌండ్ స్టాఫ్ పర్మనెంటు జాబ్’ అని ఎవరన్నా అంటే అక్కడే ఆగిపోండి.

మనవాళ్ళని ఎక్కువగా ముంచేస్తున్న అపోహ ఒక్కటే: ‘డబ్బు కడితే లోపల మనిషి చూసుకుంటాడు’. ఆ లోపల మనిషి ఏం చేయగలడో ఒకసారి చూడండి. జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ పోస్టుకి నోటిఫికేషన్ మా వెబ్‌సైట్లో పడుతుంది. ఫీజు 1,000 ఆన్‌లైన్లోనే కట్టాలి, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ అదీ లేదు. కంప్యూటర్ పరీక్ష, నెగెటివ్ మార్కులు లేవు. షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళ రోల్ నంబర్లు వెబ్‌సైట్లోనే పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. ఆ తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్, వాయిస్ టెస్ట్, మత్తుపదార్థాల పరీక్ష, సైకలాజికల్ పరీక్ష, మెడికల్. ఇంటర్వ్యూ లేదు. మార్కులు కలిపే మనిషికి ఇందులో చోటెక్కడుంది? 2025లో ఏటీసీకి పిలిచింది 309 పోస్టులు, దేశం మొత్తానికి. సీట్లు అమ్ముకోవడం వల్ల రావట్లేదనుకుంటారు చాలామంది, పోటీ అంత ఉంది కాబట్టి రావట్లేదు.

ఈ మోసగాళ్ళకి ఒక నిజం కూడా కలిసొస్తోంది. సెలెక్ట్ అయినవాళ్ళ దగ్గర మేము బాండ్ రాయించుకుంటాం, ట్రైనింగ్ తర్వాత ఇన్నేళ్లు పనిచేస్తామని. ఎవరో కజిన్ ‘మా వాడు లక్షల బాండ్ ఇచ్చాడు’ అని చెప్తాడు, అది విని వీళ్ళు డిపాజిట్ అడిగితే నమ్మేస్తారు. బాండ్ అంటే స్టాంపు పేపర్ మీద హామీ, మధ్యలో మానేస్తేనే కట్టాలి. ముందు చేతిలో పెట్టే డబ్బు కాదు. ఎయిర్‌పోర్టు పాసు కూడా అంతే, ఉద్యోగంలో పెట్టుకున్న సంస్థే పోలీస్ వెరిఫికేషన్ చేయించి తీసిస్తుంది.

గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలు రాతపరీక్ష లేకుండా వాక్-ఇన్‌లో తీసుకోవడం మాత్రం నిజమే, కాంట్రాక్టు మీద. ఒకటి రెండు చోట్ల వందల్లో దరఖాస్తు ఫీజు ఉంటుంది, అంతకుమించి వేలల్లో ఎవరూ అడగరు.

డబ్బు పంపేసి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. చాలామంది పరువు పోతుందని నెలల తరబడి ఇంట్లో కూడా చెప్పరు, ఆ రైతు కూడా భార్యకి చెప్పలేదు. పిల్లాడి బతుకు బాగుండాలని చేసిన పనికి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు, కానీ ఆలస్యం చేసిన కొద్దీ డబ్బు చేజారిపోతుంది.

మిగతావి గబగబా చెప్తాను. కళ్ళద్దాలుంటే ఏటీసీకి పనికిరారనేది తప్పు, అద్దాలతో చూపు సరిపోతే చాలు, నాకూ ఉన్నాయి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందేమో మాత్రం ముందే కంటి డాక్టరుకి చూపించుకోండి. ఈసీఈ వాళ్ళకే అనేదీ తప్పు. బీటెక్ ఏ బ్రాంచైనా ఏదో ఒక సెమిస్టర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే చాలు, బీఎస్సీ అయితే ఆ రెండు సబ్జెక్టులూ ఉండాలి. సివిల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్ పోస్టులు గేట్ స్కోరు మీద తీస్తున్నాం, అది వేరే దారి. ఆరు నెలల గ్రౌండ్ స్టాఫ్ డిప్లొమాకి ‘డీజీసీఏ అప్రూవ్డ్’ అని బోర్డు కనిపిస్తే నమ్మకండి, డీజీసీఏ అప్రూవ్ చేసేది ఫ్లయింగ్ స్కూళ్ళనీ, విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కాలేజీలనీ.

తెలుగు మీడియం భయం గురించి మాత్రం ఒక మాట. పది, ఇంటర్ తెలుగులోనే చదివాను. పరీక్ష ఇంగ్లిషూ హిందీలో ఉంటుంది, కష్టపడాలి. వాయిస్ టెస్ట్‌లో చూసేది మాట స్పష్టంగా ఉందా లేదా అని, యాస కాదు. అలహాబాద్ ట్రైనింగ్ కాలేజీలో మొదటి నెల నేను నోరు విప్పలేదు, ఆర్నెల్లకి రేడియోలో నా మాటే తేలిగ్గా అర్థమవుతోందన్నారు మా ఇన్‌స్ట్రక్టర్.

ఇంకోటి, సర్టిఫికెట్లు. మన రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన సరిపోదు, కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కేంద్ర ఫార్మాట్‌లో తీసుకోవాలి. రాష్ట్రం సర్టిఫికెట్ తెచ్చి వెరిఫికేషన్‌లో ఏడ్చిన పిల్లల్ని చూశాను.

ఆ రైతుతో 1930కి ఫోన్ చేయించాను. చివరి విడత పంపి అప్పటికి పదకొండు రోజులైంది, ఇంకా ఏమీ తేలలేదు. వెళ్ళబోతూ ఉంటే అడిగాను, అబ్బాయి ఏం చదివాడని. బీఎస్సీ, మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్, వయసు 23. వయోపరిమితి 27, ఓబీసీకి ఇంకో మూడేళ్లు. వెయ్యి రూపాయల ఫీజుతో నేరుగా రాయగల పరీక్ష ఒకటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కుర్రాణ్ణి మర్నాడు రమ్మన్నాను, డిగ్రీ మార్కుల లిస్టు తీసుకుని పొద్దున్నే తొమ్మిదింటికల్లా వచ్చాడు.