బల్క్ డ్రగ్ కన్సల్టెంట్ల ఎన్‌డీఏ, నాన్‌కాంపీట్ తగాదాలు: అపోహలు - వాస్తవాలు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లోని బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే మూల ఔషధం) యూనిట్లకు ప్రాసెస్ కన్సల్టెంట్లు కొత్త కాదు. ఈల్డ్ (దిగుబడి) పడిపోయినా, కొత్త ఇంప్యూరిటీ (మలినం) తేలినా, సాల్వెంట్ (ద్రావకం) రికవరీ గిట్టకపోయినా బయటి మనిషిని పిలుస్తారు. ఆయన ఏడాదో రెండేళ్లో చేసి పక్క యూనిట్‌కి వెళ్తాడు. అక్కడా అదే మాలిక్యూల్ (మందు). ఆర్నెల్లు తిరక్కుండానే పాత కంపెనీ నుంచి లాయరు నోటీసు వస్తుంది. నోటీసు నిండా నాన్‌కాంపీట్ (పోటీదారులకు పనిచేయకూడదన్న) క్లాజే ఉంటుంది. కోర్టులో కేసు నిలబడేదీ పడిపోయేదీ మాత్రం ఎన్‌డీఏకి (గుట్టు బయటపెట్టనన్న ఒప్పందానికి) జతచేసిన షెడ్యూలును, అంటే ఏవి రహస్యమో చెప్పే జాబితాను బట్టి. చాలా ఒప్పందాల్లో ఆ షెడ్యూలు పేజీ ఖాళీగా ఉంటుంది.

అపోహ: నాన్‌కాంపీట్ మీద సంతకం పెడితే, మానేశాక కూడా రెండేళ్లు అదే రంగంలో పనిచేయకూడదు.

వాస్తవం: ఒప్పందం నడుస్తున్నన్నాళ్లూ పనిచేయకూడదు. ముగిశాక ఆ క్లాజుకి బలం లేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 ప్రకారం, చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ‘రెండేళ్లే కదా, యాభై కిలోమీటర్ల లోపే కదా’ అని ఇంగ్లండు కోర్టులు వేసే తూకం ఇక్కడ ఒప్పందం ముగిశాక పనికిరాదు.

దీనికి మూలస్తంభం లాంటి తీర్పు ఒక ఫ్యాక్టరీ తగాదాలోనే వచ్చింది. కల్యాణ్‌లో టైర్ కార్డ్ నూలు తయారీకి సెంచురీ స్పిన్నింగ్ కంపెనీ విదేశీ సంస్థల నుంచి టెక్నాలజీ తెచ్చుకుంది. ఆ సంస్థలు పెట్టిన రహస్య షరతు వల్ల తన సిబ్బందితోనూ ఒప్పందాలు రాయించుకుంది. నిరంజన్ శంకర్ గోలికరీ అనే షిఫ్ట్ సూపర్‌వైజర్ ఐదేళ్ల ఒప్పందాన్ని మధ్యలో వదిలేసి, కోటాలో అదే నూలు తీసే కంపెనీలో ఎక్కువ జీతానికి చేరాడు. గడువు మిగిలి ఉంది కాబట్టి ఆ గడువు వరకూ అడ్డుకోవడం సబబేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పును నోటీసుల్లో తెగ వాడేస్తారు. గడువు ముగిసినవాళ్ల మీద దీన్ని ప్రయోగించడం కుదరదు. పైగా గడువు లోపల కూడా షరతు మరీ ఏకపక్షంగా, కర్కశంగా ఉండకూడదని అదే తీర్పు అంటుంది. నెలకు రెండు విజిట్లకు ఫీజిచ్చి, దేశంలో ఇంకెవరికీ పనిచేయొద్దని రాయించుకునేవాళ్లు ఆ పేరా కూడా చదువుకోవాలి.

1980 నాటి సూపరింటెండెన్స్ కంపెనీ కేసును మాత్రం జాగ్రత్తగా ఉటంకించాలి. అందులో ముగ్గురు జడ్జీలూ ఉద్యోగి పక్షానే తేల్చారు గానీ, సెక్షన్ 27 మీద వివరంగా రాసింది జస్టిస్ ఎ.పి.సేన్ ఒక్కరే. మిగతా ఇద్దరూ కంపెనీయే తీసేసింది కాబట్టి ‘మానేస్తే’ అన్న షరతు వర్తించదన్నారు. ఉద్యోగులకే కాదు, వాణిజ్య ఒప్పందాలకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని తేలాలంటే 2006 నాటి పర్సెప్ట్ డీమార్క్ కేసు చూపించాలి. క్రికెటర్ జహీర్ ఖాన్ ప్రమోషన్ కాంట్రాక్టు ముగిశాక కూడా పాత ఏజెన్సీ పట్టు సాగించబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫీజు మీద పనిచేసే కన్సల్టెంటుకు ఈ తీర్పే దగ్గర.

మినహాయింపు ఒకటుంది. కన్సల్టెంటు తన సంస్థను గుడ్‌విల్‌తో (వ్యాపారానికున్న మంచిపేరుతో) సహా అమ్మేస్తే, కొన్నవాళ్లు ఆ వ్యాపారం సాగిస్తున్నన్నాళ్లూ నిర్దిష్ట ప్రాంతంలో పోటీ పెట్టనని ఇచ్చే మాట చెల్లుతుంది, ఆ హద్దులు సమంజసంగా ఉంటే. అందుకని కొందరు మామూలు కన్సల్టెన్సీ ఒప్పందంలోనే ‘గుడ్‌విల్’ అన్న మాట దూరుస్తుంటారు. అమ్మకమే లేనప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: నాన్‌కాంపీట్ చెల్లదు కాబట్టి కొత్త చోట తెలిసిందంతా చెప్పేయొచ్చు.

వాస్తవం: పని చేయడం వేరు, పాత కంపెనీ గుట్టు వాడడం వేరు. సెక్షన్ 27 మొదటిదాన్నే కాపాడుతుంది. క్రిస్టలైజేషన్ (ద్రావణం నుంచి స్ఫటికాలు తీయడం) ఎలా పనిచేస్తుందో, ఏ సాల్వెంట్ జోడీతో ఎలాంటి చిక్కులొస్తాయో ఇరవై ఏళ్లలో ఒంటబట్టిన జ్ఞానం కన్సల్టెంటుదే. ఫలానా కంపెనీలో ఐదో స్టేజీలో ద్రావణాన్ని ఎన్ని డిగ్రీలకు దించాక సీడ్ (స్ఫటికాలు మొదలవడానికి వేసే చిన్న స్ఫటికాలు) వేస్తారు, అక్కడి నుంచి గంటకు ఎన్ని డిగ్రీల చొప్పున చల్లారుస్తారు, మదర్ లిక్కర్ (స్ఫటికాలు తీశాక మిగిలిన ద్రావణం) ఎన్ని బ్యాచ్‌ల వరకూ తిరిగి వాడితే ఇంప్యూరిటీ హద్దు దాటదు అన్నవి ఆ కంపెనీవి.

ప్రతివాదుల వైపు నుంచి మామూలుగా వచ్చే జవాబు: ‘ఈ రూటు పేటెంటులోనే ఉంది, అందరికీ తెలిసిందే’. సగం నిజమే. పేటెంటు ఉదాహరణల్లో ఉష్ణోగ్రత ‘25 నుంచి 60 డిగ్రీలు’ అని విశాలంగా ఇస్తారు. ఆ పరిధిలో ఏ బిందువు దగ్గర ప్లాంటు స్కేలులో ఈల్డ్ నిలబడుతుందో తేల్చడానికి కంపెనీ నెలల తరబడి ట్రయల్స్ వేసి ఉంటుంది. ముక్కలు బయట దొరికినా, వాటి కూర్పు రహస్యం కావచ్చు. పోటీదారు ఆ ట్రయల్స్ దాటవేసి నేరుగా వాలిడేషన్ (ప్రాసెస్ నిలకడగా పనిచేస్తుందని చూపే) బ్యాచ్‌లకు దిగితే, దొంగ ఆధిక్యం దొరికిందని వాదించడానికి వీలుంటుంది. ఇలాంటి కేసుల్లో కోర్టులు ఎప్పటికీ ఆపకుండా, మామూలుగా సొంతంగా కనుక్కోవడానికి పట్టే కాలం వరకే ఆపడమూ ఉంది.

కన్సల్టెంటు తనను తాను కాపాడుకోవాలంటే కొత్త చోట ల్యాబ్ నోట్‌బుక్ మొదటి రోజు నుంచే ఉండాలి: ఏ పేపరు చూసి మొదలుపెట్టారు, ఏ ట్రయల్ చెడింది, ఎందుకు మార్చారు. విఫలమైన ట్రయల్స్ ఒక్కటీ లేకుండా మొదటి బ్యాచే హిట్ అయిన రికార్డు అనుమానానికి తావిస్తుంది.

అపోహ: సంతకమే లేదు, కాబట్టి ఎన్‌డీఏ గొడవే లేదు.

వాస్తవం: 1948లో ఇంగ్లండులో సాల్ట్‌మన్ కేసులో తోలు పంచ్‌ల డ్రాయింగులు మధ్యవర్తి ద్వారా చేరిన తయారీదారుకూ, హక్కుదారుకూ మధ్య ఒప్పందమే లేదు. అయినా నమ్మకంతో ఇచ్చినదాన్ని వాడుకోవడం తప్పేనని కోర్టు అంది. మన కోర్టులూ ఈ సూత్రాన్ని పాటిస్తాయి. ఈ కోవలో 1987 నాటి ఢిల్లీ హైకోర్టు జాన్ బ్రాడీ కేసు ఫ్యాక్టరీలవాళ్లు చదవదగ్గది. పశుగ్రాసం పెంచే యంత్రానికి ప్యానెళ్లు సరఫరా చేస్తారని నమ్మి డ్రాయింగులిస్తే, తీసుకున్నవాళ్లు అలాంటి యంత్రాన్నే తయారుచేశారు. వాళ్ల మీద ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) వచ్చింది.

అపోహ: ‘కంపెనీకి చెందిన సమస్త సమాచారమూ రహస్యమే’ అని రాస్తే అన్నీ కవర్ అవుతాయి.

వాస్తవం: దావాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. జడ్జి అడిగే మొదటి ప్రశ్న: రహస్యమేమిటి? ‘మా ప్రాసెస్’ అని జవాబిస్తే, ఆ ప్రాసెస్‌లో తొంభై శాతం పాఠ్యపుస్తకాల్లో ఉందని ఎదుటివాళ్లు చూపిస్తారు. సమాచారానికి రహస్య స్వభావం ఉందని, నమ్మకం మీద ఇచ్చామని, అనుమతి లేకుండా వాడారని మూడూ వాదే చూపాలి. మొదటిదే తేలకపోతే మిగతా రెండింటి దాకా వెళ్లరు.

షెడ్యూలు ఇలా ఉండాలి. మాలిక్యూల్ పేరు, స్టేజీ నంబరు, పత్రం పేరు, వర్షన్, తేదీ, ఇచ్చిన రోజు. ‘స్టేజి 5 బ్యాచ్ రికార్డు, వర్షన్ 7, పేజీలు 11 నుంచి 16’ అని ఉంటే పనికొస్తుంది. పారామీటర్ల అంకెలు షెడ్యూలులో రాయనక్కర్లేదు, పత్రాన్ని గుర్తుపట్టగలిగితే చాలు. కన్సల్టెంటుకు ముందే తెలిసినవి, ఆయన తనతో తెచ్చినవి వేరే జాబితాగా ఉండాలి. ఈ రెండో జాబితా రాయించుకోవడానికి కన్సల్టెంట్లే మొహమాటపడతారు. తర్వాత గొడవొస్తే తన సొంత పద్ధతి కూడా క్లయింటుదే అయిపోతుంది.

కొత్త పత్రం ఇచ్చిన ప్రతిసారీ ఒక వరుస కలిపి, ఇద్దరూ ఇనీషియల్ చేయాలి. మొదటి నెల తర్వాత ఎవరూ చేయరు. రెండేళ్లయ్యాక షెడ్యూలులో నాలుగు వరుసలుంటాయి, తగాదా మాత్రం నలభయ్యో పత్రం గురించి వస్తుంది.

గుట్టును గుట్టుగా ఉంచామని కూడా చూపాలి. బ్యాచ్ రికార్డు షాప్‌ఫ్లోర్ టేబుల్ మీద పడి ఉంటే, కన్సల్టెంటు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని ప్రొడక్షన్ మేనేజరే అడిగి ఉంటే, ఆ గ్రూపులో కాంట్రాక్టు లేబర్ సూపర్‌వైజర్ కూడా ఉంటే, రహస్యమని ఏ ముఖంతో చెప్తారు? గడువు సంగతీ అంతే. రహస్య బాధ్యత మూడేళ్లని రాసుకుంటే నాలుగో ఏట ఆ ఒప్పందం అక్కరకు రాదు. మామూలు వ్యాపార వివరాలకు మూడేళ్లు, ప్రాసెస్ పారామీటర్లకు అవి బయటపడేంత వరకూ అని విడగొట్టడం మేలు.

దావాలోనే గుట్టంతా రాస్తే ఎదుటివాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. ఆ భాగం సీల్డ్ కవర్‌లో ఇచ్చి, ఇరువైపుల లాయర్లు, ఒకరిద్దరు నిపుణులు మాత్రమే చూసేలా ఉత్తర్వు అడగాలి.

అపోహ: ఫీజిచ్చాం, కాబట్టి డ్రాయింగులు మావే.

వాస్తవం: ఉద్యోగి పనిలో భాగంగా గీసినదానికి కాపీరైటు యజమానిది. కన్సల్టెంటు ఉద్యోగి కాడు. రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే ఆయన గీసిన లేఅవుట్, పైపింగ్ డ్రాయింగుల మీద కాపీరైటు ఆయనదే. కాపీరైటు చట్టం సెక్షన్ 19 ప్రకారం బదిలీ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. పర్చేజ్ ఆర్డరులో ‘అన్ని హక్కులూ మావే’ అని ఒక లైను రాసి వదిలేసిన కంపెనీలకు ఆరో ఏట ఇది తగులుతుంది. ఎక్విప్‌మెంట్ తయారీదారులు ఇంకొకటి చూసుకోవాలి: డిజైనుగా రిజిస్టరు చేయదగ్గదాన్ని రిజిస్టరు చేయకుండా 50కి మించి తయారుచేస్తే ఆ డిజైను మీద కాపీరైటు పోతుంది. క్రయోగ్యాస్, ఐనాక్స్ మధ్య ట్యాంకర్ డ్రాయింగుల తగాదాలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పింది.

అపోహ: కోటి రూపాయల పెనాల్టీ రాసుకుంటే కోటి వచ్చి తీరుతుంది.

వాస్తవం: కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. నష్టమనేదే జరగకపోతే పరిహారం లేదని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లని నాన్‌కాంపీట్‌కి కట్టిన పెనాల్టీ దానితోపాటే పోతుంది. 2025లో విజయా బ్యాంకు కేసులో రెండు లక్షల బాండు నిలబడిందని ఇప్పుడు అందరూ చూపిస్తున్నారు. అది మూడేళ్లు ఉద్యోగంలో ఉంటానన్న మాటకు సంబంధించింది, మానేశాక పోటీకి వెళ్లడానికి కాదు.

అపోహ: ట్రేడ్ సీక్రెట్ చట్టం కింద కేసు వేస్తాం.

వాస్తవం: ప్రత్యేకంగా అలాంటి చట్టం మనకు లేదు. లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో ముసాయిదా బిల్లు ప్రతిపాదించింది, అంతే. కాంట్రాక్టు చట్టం, నమ్మకద్రోహ సూత్రం, కాపీరైటు, ఇవే ఆధారాలు.

అపోహ: స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, సాక్ష్యం సరిపోతుంది.

వాస్తవం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) అందులో రాయాలి. కన్సల్టెంటు తిరిగిచ్చిన కంపెనీ ల్యాప్‌టాప్‌ని ఐటీ కుర్రాడు ఆత్రంగా ఆన్ చేసి ఫోల్డర్లు తెరుస్తాడు. ఫైళ్లు చివరిసారి తెరిచిన తేదీలు అక్కడితో మారిపోవచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది కన్సల్టెంటా, తర్వాత ముట్టుకున్నవాళ్లా అన్నది తేలదు. ఆన్ చేయకుండా సీల్ చేసి, సాక్షుల సంతకాలు తీసుకుని, ముందు ఫోరెన్సిక్ ఇమేజ్ (డిస్కుకు మార్పులేని పూర్తి నకలు) తీయించి, దాని మీదే వెతకాలి.

అపోహ: కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, పోలీసు కంప్లైంటే నయం.

వాస్తవం: డేటా దొంగతనం స్పష్టంగా ఉంటే క్రిమినల్ కంప్లైంటుకి చోటుంది. కానీ పోలీసులు పక్క యూనిట్లో రియాక్టర్ ఆపరు. ఆపగలిగేది ఇంజంక్షన్. కన్సల్టెన్సీ తగాదా విలువ మూడు లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుకి వెళ్తుంది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ఈ కోర్టులున్నాయి. అత్యవసర ఉత్తర్వు అడగని దావాకి ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ మధ్యవర్తిత్వం తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేలింది. అది ఎగ్గొట్టడానికి ఊరికే అత్యవసరం అంటే కుదరదని 2023లో యామినీ మనోహర్ కేసులో సుప్రీంకోర్టు అంది. ప్రతివాది సమన్లు అందిన 120 రోజుల్లోపు లిఖిత జవాబు వేయకపోతే ఆ హక్కే పోతుంది.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ఆర్బిట్రేటరు తీర్పు చెప్పే పద్ధతి) ఉంటే, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుని, 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ఎదుటి యూనిట్లో రికార్డులు మాయం చేస్తారన్న భయముంటే అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున వెళ్లి చూసే లాయరుని) అడగొచ్చు. ఏమేం చూడాలో పిటిషనులోనే రాయాలి: ఫలానా మాలిక్యూల్ బ్యాచ్ రికార్డులు, డెవలప్‌మెంట్ రిపోర్టు, ఫలానా తేదీల ముడిసరుకు ఇష్యూ స్లిప్పులు. వాసన పట్టి వెతికే పనిగా కనిపిస్తే కోర్టు ఒప్పుకోదు.

ఆలస్యం మాత్రం చంపేస్తుంది. విషయం తెలిసి ఎనిమిది నెలలు నోటీసులు రాసుకుంటూ కూర్చున్నవాళ్లకు అత్యవసర ఉత్తర్వు దొరకడం కష్టం.

అపోహ: అమెరికా క్లయింటైనా సెక్షన్ 27 కాపాడుతుంది.

వాస్తవం: ఒప్పందం న్యూజెర్సీ చట్టానికి లోబడి ఉంటే, సమంజసమైన నాన్‌కాంపీట్ ముగిశాక కూడా అక్కడ అమలు కావచ్చు. కాలిఫోర్నియాలో సాధారణంగా చెల్లదు. అమెరికా అంతటా నాన్‌కాంపీట్లను రద్దు చేస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నియమాన్ని ఆగస్టులోనే టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

అపోహ: గొడవ కన్సల్టెంటుకీ పాత కంపెనీకీ మధ్యే, కొత్త కంపెనీకి సంబంధం లేదు.

వాస్తవం: దావాలో రెండో ప్రతివాది కొత్త కంపెనీయే. నోటీసు అందాక కూడా ఆ పారామీటర్లతో బ్యాచ్‌లు తీస్తే, తెలియదన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి కన్సల్టెంటును తీసుకునేటప్పుడే పాత ఒప్పందాల గడువులు అడగాలి, పత్రాలేవీ తేవద్దని రాతలో చెప్పాలి, మూడో వ్యక్తి గుట్టు వాడితే నష్టం భరించే క్లాజు పెట్టాలి. ఆయన మొదటి వారంలోనే పక్కా బ్యాచ్ షీట్ మెయిల్ చేస్తే సంతోషపడి ప్లాంటుకు ఫార్వర్డ్ చేయకుండా, అది ఎక్కడిదో అడిగి జవాబు రాతలో తీసుకోవాలి. కోర్టులో ముందు తెరిచేది ఆ మెయిల్‌నే.